చెన్నపురి విందుశాల

మన గ్రంథాలయమునకు ముందువైపున నాలుగు గుండ్రని స్తంభములు గలవు. గత వేసవిలో వానికి సున్నము వేయించుచుండగా చందాదారులలో పెద్దలొకరు "ఇవి ఏ దేశపు స్తంభములండీ, మన గుళ్లలో ఇట్లుండవే!" అని ప్రశ్నించిరి. నేను పనితొందరలో "గ్రీకు దేశపువండీ" అని చెప్పి ఊరకుంటిని. రజతోత్సవ సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు ఆ మాట జ్ఞప్తికి వచ్చినది. లెక్కలు వ్రాయువాడు బాకీ ఉంచుకొనరాదు గదా! పైగా నేను చెప్పిన సమాధానము సగమే ఒప్పు.

మన పట్టణములలోని టౌనుహాళ్లకును, కచేరీలకును ఇట్టి స్తంభములు పెట్టుట కంపెనీ దొరల కాలమున వచ్చిన అలవాటు. ఆ జాతి కట్టడములలో మన తెలుగువారి బ్రదుకుతో మిక్కిలి పెనవైచుకొన్నది చెన్నపట్టణమందలి విందుశాల. నేడు దానిని రాజాజీ హాలు అందురు. 1953 వరకు మన ఏలూరు, తాడేపల్లిగూడెములకు చెన్నపట్టణమే రాజధాని యని చిన్నవారికి గుర్తుచేయవలసి యున్నది.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను నిహతుడయ్యెను. అప్పుడు చెన్నపురి గవర్నరు ఎడ్వర్డు క్లైవు. ఇతడు 1757లో ప్లాసీ యుద్ధము గెలిచిన రాబర్టు క్లైవునకు కుమారుడు. తండ్రి గెలుపును, తన ఏలుబడిలోని గెలుపును ఒక్కచోట స్మరింపజేయ దలచి తన భవనము చెంత ఈ శాలను కట్టించెను. ముక్కోణపు ముఖములలో ఒకవైపు ప్లాసీకి, వేఱొకవైపు శ్రీరంగపట్టణమునకు జయచిహ్నములు అమర్చిరి. 1802 అక్టోబరులో అందు ప్రథమోత్సవము జరిగినది.

కట్టినవాడు వృత్తిచే శిల్పి కాడు. కంపెనీవారి నక్షత్రశాలలో జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన జాన్ గోల్డింగ్‌హాము. అతనికి ముందు ఆ పదవిలోనుండిన మైకేలు టాపింగు మన కృష్ణా గోదావరీ ప్రాంతములను కొలిచి, ఈ నదుల నీటిని పొలములకు మళ్లింపవచ్చునని కాటను దొరకు అర్ధశతాబ్ది ముందే తెలిపి, 1796లో మచిలీపట్టణమున జ్వరముతో కన్నుమూసెను. ఈ డెల్టా నీరు త్రాగువారము అతనిని తలచుకొనుట అరుదు.

ఇక కట్టడము సంగతి. ఇది ఏథెన్సులోని పార్థెనానునకు అనుకరణమని పలువురు వ్రాయుదురు. కొంతవరకే నిజము. పార్థెనాను క్రీ. పూ. 447లో ఆరంభింపబడిన అథీనా దేవి గుడి. దానికి నాలుగువైపులను మూడేసి మెట్ల అరుగు గలదు. స్తంభములకు నిలువునా చారలుండును, అడుగున పీఠముండదు. అరుగునుండియే మొలచినట్లు కనబడును. చెన్నపురి శాల యన్ననో ఎత్తైన క్రింది అంతస్తుపై నిలిచి, ముందువైపున విశాలమైన సోపానపంక్తి గలిగియున్నది. గుడిని ఇట్లు ఎత్తున నిలిపి ముందునుండి మాత్రమే ఎక్కించుట రోమువారి పద్ధతి. స్తంభములును తస్కన్ దోరిక్ అనబడు రోమక సంప్రదాయమునకు చెందినవి. నునుపైన ఒడలు, అడుగున పీఠము గల మన గ్రంథాలయ స్తంభములును ఆ వంశమువే. కావున అడిగిన పెద్దలకు నా సవరణ: తాత గ్రీకు, తండ్రి రోము.

రూపము పరాయిదైనను ఆనాటి చెన్నపురి పూతపని మనదే. దూరమునుండి చూచిన దొరలు చలువరాయి యని భ్రమించినది ఇటుకమీది గుల్లసున్నము. కొల్లేటి ప్రక్కవారికి గుల్ల యననేమో చెప్పనక్కరలేదు. మెత్తగా నూరిన గుల్లసున్నమునకు కోడిగ్రుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి చేర్చి, పైపూతలో బలపపురాతి పొడి కలిపి, ఆరకముందే నున్నని రాళ్లతో గంటలకొలది రుద్దెడివారు. అద్దమువలె మెరసెడిది. ఆ పని చేసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు; క్లైవు పేరు మాత్రము నిలిచినది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రము ఆ 1802వ సంవత్సరమే. ఆ యేడే, ఆ గవర్నరు కాలముననే, 25వ రెగ్యులేషను పుట్టినది. అదియే శాశ్వత పేష్కషు పద్ధతి. దానితో మన సర్కారు జిల్లాలలో జమీందారులు భూమికి యజమానులైరి. దున్నువాడు వారి దయకు లోబడినవాడయ్యెను. కరణముల విధులను నిర్ణయించిన 29వ రెగ్యులేషనును ఆ సంవత్సరపుదే. (ఆ కరణీకము 1984లో రద్దయినది, దాని మంచిచెడ్డలు వేఱొక వ్యాసమునకు తగును.) ఒకచోట విందు జరుగుచుండగా వేఱొకచోట ఆ విందు ఖర్చు ఎవరి చేనినుండి రావలెనో వ్రాయబడినదన్న మాట.

అయితే కట్టడములు కట్టించినవారి మాట ఎల్లకాలము వినవు. విశ్వవిద్యాలయమునకు సెనేటు హవుసు ఏర్పడువరకు పట్టప్రదానోత్సవములు ఈ శాలలోనే జరిగినవి. 1938 జనవరిలో చెన్నపురి శాసనసభ ఇందులోనికి వచ్చినది. సభాపతి మన బులుసు సాంబమూర్తిగారు, రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశంగారు. ప్రకాశంగారి అధ్యక్షతను జమీందారీ విచారణ సంఘము దస్త్రములు తిరుగవేసి, భూమికి హక్కుదారు రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేయనియు తేల్చినది. 1939 ఆరంభమున శాసనసభ దానిని ఆమోదించినది. ప్లాసీ జయచిహ్నముల క్రింద తెలుగు రైతు వ్యాజ్యము నెగ్గినది! కాని తీర్పు అమలునకు రాకమునుపే, యుద్ధకారణమున ఆ యేడు అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా యిచ్చినది. రైతు మరల తొమ్మిదేండ్లు కాచుకొనవలసి వచ్చెను. ఎస్టేటుల రద్దు చట్టము 1948లో వచ్చినది. ఆ సంవత్సరముననే విందుశాలకు రాజాజీ పేరు పెట్టిరి.

మన ఊరివారు వైద్యమునకై తరచు చెన్నపట్టణము పోవుచుందురు. ఓమందూరారు ఎస్టేటులోని ప్రభుత్వ ఆసుపత్రి ప్రక్కనే ఈ శాల యున్నది. 2016లో జయలలితగారి, 2018లో కరుణానిధిగారి భౌతికకాయములను ప్రజల దర్శనార్థము ఉంచినది దాని మెట్లమీదనే. పోయినవారు ఒక అరగంట మిగుల్చుకొని, మెట్లక్రింద నిలిచి, స్తంభముల అడుగున పీఠమున్నదో లేదో చూచి వచ్చి నాకు చెప్పగోరుచున్నాను.