ఇద్దరు పసివారున్న ఇల్లు



హిజ్రీ 3వ సంవత్సరం రమజాన్ మాసంలో మదీనా నగరంలో హజ్రత్ ఫాతిమా (రజి) గారికి హసన్ (రజి) జన్మించారు. ఏడాది తిరగకముందే, హిజ్రీ 4 షాబాన్‌లో హుసైన్ (రజి) జన్మించారు. తప్పటడుగుల బిడ్డ ఒకరు, ఒడిలో పసికందు ఒకరు. ఆ ఇంట పనివారు లేరు. తిరగలి విసిరి ఆమె చేతులు కమిలిపోయేవని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. సేవకుని కోరిన కుమార్తెకు దైవప్రవక్త (స), నిద్రకు ముందు 33 మార్లు సుబ్‌హానల్లాహ్, 33 మార్లు అల్‌హమ్దులిల్లాహ్, 34 మార్లు అల్లాహు అక్బర్ పఠించమని బోధించారు.

అయితే ఆయన బోధతోనే సరిపెట్టలేదు. ఒకనాడు ఆయన ఖుత్బా ఇస్తుండగా మనుమలిద్దరూ ఎర్రని చొక్కాలు తొడుక్కుని, పడుతూ లేస్తూ మస్జిదులోకి వచ్చారు. ఆయన ప్రసంగం ఆపి, మింబర్ దిగి, వారిని ఎత్తుకుని వచ్చి తన ముందు కూర్చోబెట్టుకున్నారు. మరొకనాడు నమాజులో మనుమడు వీపుపైకి ఎక్కితే, బిడ్డ ముచ్చట తీరేవరకు సజ్దాను పొడిగించారు. ఇంట ఉన్నంతసేపు ఇంటిపనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

మరి మనమో? అర్ధరాత్రి ఒక బిడ్డ పాలకు ఏడుస్తుంటే, ఇంకొకడు తల్లి కొంగు పట్టుకు లాగుతుంటే, అది ఆడవారి పనేనని అటు తిరిగి పడుకుంటాము. నా పిల్లల పసితనంలో నేనూ కితాబు చాటున తప్పించుకున్నవాడినే. ప్రవక్త (స) ఖుత్బా కన్నా మన నిద్ర గొప్పదా?

ఈ రాత్రి లేచి ఒక బిడ్డనైనా ఎత్తుకోండి. అల్లాహ్ మన ఇండ్లపై కారుణ్యం కురిపించుగాక! ఆమీన్.