సీరోసా అడుగున సంయోజక కణజాలం: ఒక పొర చరిత్ర

పేగు, జీర్ణాశయం, పిత్తాశయం వంటి ఉదరావయవాలను వెలుపలి నుంచి కప్పే పలుచని, తడి గల నున్నని పొరను సీరోసా అంటారు. దానికీ లోపలి కండర పొరకూ నడుమ రక్తనాళాలను, లసికా నాళాలను, నాడులను ఇముడ్చుకొని వదులుగా అల్లుకొన్న సంయోజక కణజాలమే సబ్‌సీరోసా. ఖాళీని నింపే పదార్థంగా చిరకాలం చిన్నచూపుకు గురైన ఈ పొరే నేడు క్యాన్సర్ వ్యాప్తిని కొలిచే మెట్లలో ఒకటైంది.

దేహాన్ని పొరలు పొరలుగా చూడడం మన దేశంలో ప్రాచీనమే. శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్లతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ లోపలి భాగాలను పరిశీలించాలని సుశ్రుత సంహిత శారీరస్థానం విధించింది. ధాతువులకూ ఆశయాలకూ నడుమ హద్దులుగా ఉండే ఏడు కళలనూ అదే వివరించింది. ఆ కళలను నేటి పొరలతో ఒకటికొకటి సరిపోల్చడం తొందరపాటే అవుతుంది గాని, అవయవానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న మాత్రం అక్కడా కనిపిస్తుంది.

పారిస్ వైద్యుడు బిషా కూడా సూక్ష్మదర్శినిని పక్కనబెట్టి, కణజాలాలను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి పరీక్షించాడు. 1800లో వెలువడిన పొరల గ్రంథంలో శ్లేష్మ, సీరస్, తంతు పొరలను వేరుచేసి, మరుసటి ఏడు దేహంలోని కణజాలాలను 21 రకాలుగా లెక్కగట్టిన ఆయన 1802లో, ముప్పయ్యేళ్ల వయసులోనే మరణించడం ఈ శాస్త్రానికి పెద్ద నష్టం.

సబ్‌సీరోసాకు అసలు ప్రాధాన్యం 20వ శతాబ్దంలో దక్కింది. కణితి ఎంత లోతుకు పాకిందో చూసి చికిత్సను నిర్ణయించే టీఎన్ఎమ్ వర్గీకరణ తొలి సంపుటం 1968లో వెలువడింది.

కణితి లోతును ‘టీ’ మెట్లుగా సూచించే నేటి టీఎన్ఎమ్ వర్గీకరణ ప్రకారం పెద్దపేగు క్యాన్సర్ కండరాన్ని దాటి సబ్‌సీరోసాను చేరితే టీ3, సీరోసాను చీల్చుకొని పైకి వస్తే టీ4ఏ. పిత్తాశయంలో సంగతి మరింత సూక్ష్మం: కాలేయానికి ఆనుకొన్న వైపున సీరోసా ఉండదు, అక్కడి సంయోజక కణజాలం నేరుగా కాలేయపు కణజాలంతో కలిసిపోతుంది, అందుకే ఆ వర్గీకరణ ఎనిమిదవ కూర్పు, ఈ పొరను చేరిన కణితి ఉదరకుహరం వైపు ఉంటే టీ2ఏగా, కాలేయం వైపు ఉంటే టీ2బీగా విడదీసింది.