సాయంత్రం తెలుగు చదువు: సేవకులు నిలవాలంటే ఏం చెయ్యాలి?

ఉద్దనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామందే ఉన్నారు. కానీ మాట్లాడడం వేరు, చదవడం వేరు. బడిలో తెలుగుకు దొరికే గంటలు చాలవు. సాయంత్రాలు అక్షరాలు నేర్పడానికి మనుషులు ముందుకొస్తారు. రెండు నెలలు దాటి నిలిచేవాళ్లే తక్కువ. తప్పు వాళ్లది కాదు, మన ఏర్పాటుది.

మనకు దగ్గరి ఉదాహరణ 'ఇల్లం తేడి కల్వి'. కరోనాతో చదువు వెనకబడిన 1 నుంచి 8వ తరగతి పిల్లల కోసం తమిళనాడు ప్రభుత్వం 2021 అక్టోబరులో దీన్ని మొదలుపెట్టింది. తొలి విడత జిల్లాల్లో మన కృష్ణగిరి ఒకటి. మీ ఊళ్లో ఇలాంటి పని పెట్టుకుంటే ఇవి గుర్తుంచుకోండి.

1. పనికి హద్దు గీయండి. ఆ పథకంలో ఒకరికి సుమారు 20 మంది పిల్లలు. సాయంత్రం 5 నుంచి 7 లోపే పాఠం. 'వీలైనప్పుడు రండి' అంటే ఎవరూ రారు. రోజు, గంట ముందే చెప్పండి.

2. ఊరివాళ్లనే తీసుకోండి. ఆ వీధి అక్కే చెబితే పిల్లలు బెదరరు, ఆమెకు బస్సు ఖర్చూ ఉండదు.

3. విచారించి, నేర్పి, తరువాతే పిల్లల్ని అప్పగించండి. పాఠం నలుగురికీ కనబడే చోట జరగాలి.

4. జేబు ఖర్చు పెట్టించకండి. ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఇచ్చింది. మనం అంత ఇవ్వలేకపోయినా పలకలు, సుద్దముక్కలు మనమే కొనాలి.

5. ఇద్దరిని జతగా పెట్టండి. టమాటా కోతలప్పుడు ఒకరు రాకున్నా పాఠం ఆగదు.

6. వాళ్ల మాట వినండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి వచ్చిన ఆడవాళ్లు తమ కష్టాలు చెప్పుకున్నారు. అక్కడి సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. మనుషులు నోరు విప్పగలిగిన చోటే చదువూ నిలుస్తుంది.

పన్నెండో తరగతి చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు, రిటైరైన అయ్యవార్లు మన ఊళ్లలో ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగితే చాలు. బడికి వచ్చి మాట్లాడండి. అవ్వ మాట్లాడే తెలుగును మనవరాలు చదవగలగాలి, అంతే మన కోరిక.