మొదటి అయిదు వందల కిలోమీటర్లు

కొత్త స్కూటరు కొన్నవాడికి నిమ్మకాయలు కొనుక్కుంటే వస్తాయి, సలహాలు అడక్కుండానే వస్తాయి. ఇటీవల మా ఇంటికి గేర్లు లేని స్కూటరు ఒకటి వచ్చింది. వారం తిరగకముందే మూడు సలహాలు అందాయి. మా పెదనాన్నగారు, "వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా ముల్లు నలభై దాటనివ్వకురా, ఇంజను బోరుకొస్తుంది" అన్నారు. బండి అప్పగించిన కుర్రవాడు, "ఇప్పటి బళ్ళకు అవేమీ అక్కర్లేదు సార్, ఎలాగైనా తోలుకోండి" అన్నాడు. ఆఫీసులో నా పక్కన కూర్చునే యువకుడు మాత్రం, "మొదటి రోజే గట్టిగా తోలాలండీ, లేకపోతే రింగులు కూర్చోవు, అంతర్జాలంలో చదివాను" అని ఢంకా బజాయించాడు.

ముగ్గురూ నా మేలు కోరినవారే. ముగ్గురి మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఈ చిక్కు విప్పుదామని కూర్చుంటే నాకు తోచినదేమంటే, వీరిలో ఎవరూ అబద్ధం చెప్పటంలేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క కాలపు యంత్రాన్ని మనసులో పెట్టుకొని మాట్లాడుతున్నారు. యంత్రం పాతసామాన్ల కొట్టుకు చేరిపోయాక కూడా దాన్ని గురించిన సలహా ఇంట్లో మిగిలిపోతుంది. ఆ సలహాలు ఎక్కడ పుట్టాయో చూద్దామన్నదే ఈ టపా ఉద్దేశం.

ఈ ప్రక్రియను ఇంగ్లండువారు 'రన్నింగ్ ఇన్' అన్నారు. ఒకప్పుడు అక్కడ కొత్త కారు కొన్నవారు, "రన్నింగ్ ఇన్‌లో ఉంది, దయచేసి దాటి వెళ్ళండి" అని వెనక అద్దానికి కాగితం అంటించుకొని నింపాదిగా పోయేవారట. అమెరికావారి మాట 'బ్రేక్ ఇన్'. అది గుర్రాన్ని లొంగదీయడానికి వాడే మాట. మన రైతుల దగ్గర ఈ రెంటికన్నా మంచి మాట ఉంది: కాడి మరపడం. కొత్త కోడెను మొదటిరోజే నిండు బండికి కట్టరు. కాడి మరిగిన ఎద్దు పక్కన కట్టి, ఒక దుంగనో ఖాళీ బండినో లాగించి, కాసేపు నడిపి, ఆపి, మళ్ళీ నడుపుతారు. అలాగని కొట్టంలో కట్టేసి మేపుతూ ఉంటే ఏ కోడే కాడి మరగదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ముందుముందు దానితో పని పడుతుంది.

ఇంతకూ ఇంజను లోపల మరగవలసినదేమిటి? సిలిండరు గోడ అద్దంలా నున్నగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కర్మాగారంలో దానికి పనిగట్టుకొని గీతలు పెడతారు. 'హోనింగు' అనే ఆ పనిలో సానరాళ్ళు తిప్పుతూ, అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకొనే సన్నని గీతలు గీస్తారు. సన్నికల్లుకు కక్కు కొట్టించడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ గీతల పల్లాల్లో నూనె నిలుస్తుంది. మిట్టల మీద పిస్టను రింగులు రాసుకుంటాయి. మొదటి కొన్ని గంటల్లో ఆ మిట్టలు అరిగి, రింగూ గోడా ఒకదాని ఒంపు మరొకటి తెలుసుకొంటాయి. అప్పుడే మంటపుట్టించిన వాయువు పక్కనుంచి కిందికి జారిపోకుండా, కిందనున్న నూనె పైకి ఎగబాకకుండా బిగువు కుదురుతుంది. కక్కు కొట్టించిన సన్నికల్లు మీద మొదట నూరినదాన్ని మా అమ్మమ్మ పారబోసేది, రాతిపొడి ఉంటుందని. తొలి సర్వీసులో ఇంజను ఆయిలు మార్చడంలో ఉన్న తర్కమూ అచ్చంగా అదే.

ఇక పెదనాన్నగారి సలహా పుట్టిన కాలానికి వెళదాం. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీలో 1946లో పియాజియో సంస్థ వెస్పాను విడుదల చేసింది. దాన్ని రూపొందించిన కొరాదీనో దస్కానియో విమానాల ఇంజనీరు. మరుసటి ఏడాదే మిలాన్ నుంచి ఇనోచెంతి వారి లాంబ్రెట్టా వచ్చింది. ఈ రెండూ మన దేశానికి వచ్చాయి. బొంబాయిలో ఏ.పి.ఐ. సంస్థ లాంబ్రెట్టాలు బిగించింది. బజాజ్ వారు మొదట వెస్పాలు దిగుమతి చేసి, తరవాత పియాజియో అనుమతితో ఇక్కడే తయారు చేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో అదే వంశపు బండి చేతక్ అన్న పేరుతో వచ్చింది. (చేతక్ రాణా ప్రతాపుని గుర్రం. అమెరికావారి మాట ఇక్కడ మాత్రం సరిగ్గా అతికింది.)

ఇవన్నీ రెండు స్ట్రోకుల ఇంజన్లు. వీటికి వేరే నూనె తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపి పోసిన నూనే ఇంజనుకు దక్కే తైలం. మామూలుగా లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే యాభైకి ఒక పాలు. కొత్త బండికి జాగ్రత్తకొద్దీ మరికాస్త ఎక్కువ పోసేవారు, పొగ పెరిగి ప్లగ్గుకు మసి పట్టినా సరే. ఎందుకంత భయం? పిస్టను అల్యూమినియం, సిలిండరు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కొత్త బండిలో సందు బిగువుగా ఉంటుంది, గోడ ఇంకా గరుకు. దానికితోడు ఇంజను పక్క డొప్పలో దాగి ఉంటుంది కనుక దారిగాలి సోకదు, ఫ్యాను విసిరే గాలే దిక్కు. మొదటి రోజుల్లో గట్టిగా తోలితే పిస్టను ఉబ్బి గోడను పట్టేసేది. కొత్త చెప్పులు కాలిని కరుస్తాయంటాం చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ కరిచిన చోటల్లా గీత పడుతుంది. ఆ తరవాత బోరింగు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టను వేయించి, రన్నింగ్ ఇన్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఆ కాలపువారికి తెలిసిన మరొక కిటుకు ఇప్పటి మెకానిక్కులలో చాలామందికి తెలియదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా మూసి గేరులో జారితే ఇంజను వేగంగా తిరుగుతూనే ఉంటుంది గాని పెట్రోలు అందదు. పెట్రోలు అందకపోతే అందులో కలిసిన నూనే అందదు. అందుకే దిగేటప్పుడు మధ్యమధ్య మణికట్టు కాస్త తిప్పుతూ ఉండాలి. పెదనాన్నగారు ఈ మాట కూడా చెప్పారు. నలభై దాటవద్దన్న మాటకన్నా నాకిదే ఎక్కువ విలువైనదిగా తోచింది.

అయితే ఆ జాగ్రత్తంతా లోహశాస్త్రం వల్ల పుట్టిందే కాదు. అందులో సగం కరువు నేర్పినది. పర్మిట్ల కాలంలో డబ్బు కట్టి స్కూటరు కోసం పదేళ్ళు ఎదురుచూసినవారున్నారు. విదేశీ మారకద్రవ్యంలో సొమ్ము చెల్లిస్తే వరుసతో పనిలేకుండా బండి వచ్చే పద్ధతి ఉండేది. డాలర్లు పంపగల తమ్ముడో బావమరిదో ఉన్న ఇళ్ళు అదృష్టవంతుల లెక్క. అలకపాన్పు ఎక్కిన పెళ్ళికొడుకు అడిగే వస్తువుల్లో స్కూటరు ముందుండేది (అది వేరే కథ, అంత ముచ్చటైనదీ కాదు). లక్నోలో 1972లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ స్కూటర్స్ ఇండియా, ఇనోచెంతి వారి లాంబ్రెట్టా యంత్రసామగ్రిని కొని విజయ్ సూపర్ తెచ్చింది. దాని భాగాలతోనే మన హైదరాబాదులో ఆల్విన్ పుష్పక్ తయారైంది. పేరు పుష్పకమే గాని నేలమీద ఎంత బతిమాలితే అంత నడిచేదని పెద్దలు నవ్వుతూ చెబుతారు. పదేళ్ళు ఆగి తెచ్చుకొన్న బండిని ఎవరు మాత్రం మొదటినెలలో అరవై మీద తోలతారు? నలభై అన్న అంకె పక్కన ఆ పదేళ్ళ నిరీక్షణ కూడా కూర్చుని ఉంది.

1984లో కైనెటిక్ హోండా వచ్చింది. తొంభై ఎనిమిది సి.సి. ఇంజను, మీట నొక్కితే స్టార్టు, ఎడమచేతికి గేర్లు లేవు, క్లచ్చు లేదు. ఇంకా రెండు స్ట్రోకులదే అయినా నూనెకు వేరే తొట్టి ఉండేది. చిన్న పంపు ఒకటి తగినంత నూనెను తానే అందించేది. పెట్రోలు బంకులో కొలపాత్ర పట్టుకొని నిలబడే పని తప్పింది. ఆ గేర్లులేని ఏర్పాటుకు తాతగారు హాలెండులో ఉన్నారు. హబ్ వాన్ డోర్న్ అనే ఆయన రబ్బరు బెల్టులతో నడిచే 'వేరియోమాటిక్' పద్ధతి కనిపెట్టగా, దానితో చేసిన డాఫ్ 600 కారును 1958లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో పెట్టారు. ఆ కారు ముందుకెంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే వేగంగా పోగలదు. ఈ వింత చూసి డచ్చివారు వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టుకొన్నారు! స్కూటరులోనిది ఆ కుటుంబపు చిన్న రూపమే. ఇంజను వేగం పెరిగేకొద్దీ కప్పీలోని గుండ్రని బరువులు బయటికి విసురుకొని, రెండు పళ్ళేలను దగ్గరికి నెట్టి, మధ్యనున్న బెల్టును పైకెక్కిస్తాయి.

నలభై దాటవద్దన్న సలహాకు కాలదోషం పట్టినది సరిగ్గా ఇక్కడే. గేర్ల బండిలో ఏ గేరుకు ఎంత వేగమో చేతిపుస్తకంలో చెప్పేవారు. గేరు తెలిస్తే స్పీడోమీటరు ముల్లును చూసి ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో అంచనా కట్టవచ్చు. బెల్టు బండిలో ఆ లంకె తెగిపోయింది. యాక్సిలరేటరు మొత్తం తిప్పితే ఇంజను ముందే పెద్ద వేగానికి చేరి, అక్కడే గుక్కపట్టి నిలుస్తుంది. బండి వేగం తరవాత తీరికగా పెరుగుతుంది. కనుక ఇద్దరిని ఎక్కించుకొని ఎత్తు ఎక్కుతూ ముల్లు ఇరవై మీద ఉన్నప్పుడు ఇంజను పడే శ్రమ, చదును రోడ్డు మీద నలభై అయిదులో మెల్లగా పోయేటప్పటికన్నా ఎక్కువ. ముల్లు నలభై దాటలేదన్న తృప్తితో కొత్త ఇంజనును రోజంతా అరిపించవచ్చు. ఇక్కడ చూడవలసినది ముల్లును కాదు, మణికట్టును. వినవలసినది ఇంజను గొంతును.

1998లో హోండా కైనెటిక్ నుంచి విడిపోయి, 2001లో సొంతంగా యాక్టివా తెచ్చింది. నాలుగు స్ట్రోకుల 102 సి.సి. ఇంజను. ఇప్పుడు నూనె పెట్రోలుతో కాలిపోదు, అడుగున నిలిచి తిరుగుతూ ఉంటుంది. అందువల్ల పిస్టను పట్టేసే భయం చాలావరకు తగ్గింది గాని, అరిగిన లోహపు రజను ఆ నూనెలోనే ఉండిపోతుంది. ఈ చిన్న ఇంజన్లలో కార్లకున్నట్టు కాగితపు ఫిల్టరు ఉండదు, ఒక సన్నని జల్లెడ మాత్రమే. తొలి సర్వీసును వాయిదా వేయకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. ఆయిలు రంగు బాగానే ఉందని ఎవరైనా చెబితే వినకండి, రజను కంటికి కనిపించదు.

ఇక యువకుడి మాట. రింగును గోడకు అదిమేది దాని సొంత స్ప్రింగు బలం ఒక్కటే కాదు, పైనుంచి దాని వెనకకు చేరే దహనవాయువు ఒత్తిడి కూడా. మరీ భయపడి రోజుల తరబడి నత్తనడక నడిపితే ఆ ఒత్తిడి చాలదు. మిట్టలు అరగకముందే కాలిన నూనె పల్లాల్లో పేరుకొని గోడ గాజుపూత పూసినట్టవుతుంది. ఆపైన రింగులు కుదరమన్నా కుదరవు, బండి నూనె తాగుతూనే ఉంటుంది. కొట్టంలో కట్టేసిన కోడె సంగతి ఇదే. ఇంతవరకు అతడిది న్యాయమైన మాట. దీన్నుంచి మొదటి రోజే మొత్తం తిప్పమనడం మాత్రం పందెపు బళ్ళవారి అలవాటు. వారు ఆ ఇంజనును పదేళ్ళు ఇంటి అవసరాలకు వాడరు. హోండా వారి చేతిపుస్తకాలు చెప్పేది మధ్యేమార్గం: మొదటి 500 కిలోమీటర్లు పూర్తి యాక్సిలరేటరుతో బయలుదేరవద్దు, ఒక్కసారిగా వేగం పెంచవద్దు, బ్రేకు గట్టిగా తొక్కవద్దు. షోరూము కుర్రవాడి మాటకూ కొంత ఆధారం ఉంది. ఇప్పటి కర్మాగారాల్లో హోనింగు చివరి విడతలోనే మిట్టల కొనలు కోసేస్తారు. బండి మన చేతికి వచ్చేసరికే సగం కాడి మరిగి ఉంటుంది. మిగతా సగం మనది.

నేను చేస్తున్నదేమిటంటే, ఉదయం స్టార్టు చేయగానే రేజు చేయకుండా కాసేపు ఆగి, మొదటి కిలోమీటరు మెల్లగా పోతాను. తరవాత వేగం ఒకేచోట నిలపకుండా పెంచుతూ తగ్గిస్తూ ఉంటాను, మణికట్టు సగం దాకానే తిప్పుతాను. చదునైన చోట ముల్లు యాభై తాకినా బాధపడను. సెంటరు స్టాండు వేసి గంటసేపు ఊరికే తిప్పడం వల్ల పెట్రోలు ఖర్చు తప్ప ప్రయోజనం లేదు. విశాఖవారు కొత్త బండిని పూజకు సింహాచలం కొండెక్కిస్తారు, బెజవాడవారు ఇంద్రకీలాద్రి ఎక్కిస్తారు. ఆ పూజ మానమనను. మొదటిసారి ఒక్కరే వెళ్ళి, సగం దారిలో ఓ చెట్టుకింద ఆగి, బండిని చల్లారనిచ్చి ఎక్కితే స్వామికీ అమ్మవారికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. భార్యాబిడ్డలు బస్సులో రావచ్చు.

2009లో బజాజ్ వారు స్కూటర్ల తయారీ ఆపేశారు. 2020లో చేతక్ పేరు మళ్ళీ రోడ్డెక్కింది, ఈసారి కరెంటు బండిగా. అందులో పిస్టనూ లేదు, రింగులూ లేవు, కక్కు కొట్టిన గోడా లేదు. మొన్న మా బంధువొకాయన అలాంటి కరెంటు స్కూటరొకటి కొంటే, పెదనాన్నగారు చుట్టూ తిరిగి చూసి, "వెయ్యి దాకా నలభై దాటనివ్వకు" అనే చెప్పారు. మోటారుకు ఆ అవసరం లేదు. కాని కొత్త టైరు మీద నునుపు పోవడానికి ఏ బండికైనా వంద కిలోమీటర్లు పడుతుంది, బ్రేకు దిమ్మలు సరిగ్గా ఆనడానికి మరికొంత. వాన పడిన రోడ్డు మీద, మొదటి వారంలో, మలుపు దగ్గర ఆ సలహా ఇప్పటికీ పనిచేస్తుంది. నేనేమీ అనలేదు. మా బంధువు తల ఊపి, నలభై లోపే ఇంటికి వెళ్ళాడు.