తీగల రంగులు



1963వ సంవత్సరమున మా మేనత్త కుమారుడు జర్మనీలో చదువు ముగించుకొని వచ్చుచు, తల్లికొక కరెంటు ఇస్త్రీపెట్టెను తెచ్చెను. దాని ప్లగ్గు మన గోడలలోని రంధ్రములకు పట్టదు. కావున దానిని కోసివైచి, మన మూడుకాళ్ల ప్లగ్గు తగిలించుటకై ఊరిలోని పనివానిని పిలిపించితిమి. నాకప్పుడు పదేండ్లు. తొడుగు ఒలువగా లోపల నల్లనిది, బూడిద రంగుది, ఎర్రనిది మూడు తీగలు కనబడినవి. పనివాడు తెలివిగలవాడే. తాను నేర్చిన మర్యాద చొప్పున ఎర్రదానిని కరెంటు వచ్చు కాలికి, నల్లదానిని న్యూట్రలునకు, మిగిలిన బూడిద తీగను ఎర్తుకు బిగించెను.

పెట్టె వేడెక్కలేదు. ఏల వేడెక్కలేదో చూతమని అత్త దాని యడుగున చేయి మోపినది. మరుక్షణమున కేకవైచి వెనుకకు పడెను. చెక్కపీటపై నిలుచుండుటచే బ్రతికినది గాని, తడినేలపై నున్నచో నేనీ ప్రసంగము మరియొక విధముగా చేయవలసి యుండెడిది.

తప్పెవరిది? చాల కాలము మేము పనివానినే నిందించితిమి. ఆ నింద అన్యాయమని నేను పెద్దవాడనై కొన్ని గ్రంథములు చదివిన పిదప గాని తెలియలేదు.

ఇంటిలోనికి కరెంటు ఒక తీగ గుండ వచ్చి, న్యూట్రలు అను రెండవ తీగ గుండ మరలిపోవును. మూడవది ఎర్తు. అది పరికరముయొక్క లోహపు ఒంటిని భూమితో కలుపును. లోపల నేదైన చెడి కరెంటు ఒంటికి తగిలినచో, మనుష్యుని దేహము గుండ గాక ఆ తీగ గుండ భూమిలోనికి పోవుటకే దాని నమర్చిరి. బ్రిటనులోను, దాని ననుసరించిన మన దేశములోను ఎరుపు కరెంటునకు, నలుపు న్యూట్రలునకు, ఆకుపచ్చ ఎర్తుకు గుర్తులు. నాటి జర్మనీలోనో, నలుపు కరెంటునకు, బూడిద న్యూట్రలునకు, ఎరుపు ఎర్తుకు! ఎరుపనగా అపాయమని ఒకరనుకొనిరి. అపాయమునుండి కాపాడునదని మరియొకరనుకొనిరి. ఎవరి దేశములో వారి మాట చక్కగా సాగినది. ఒక దేశపు వస్తువు రెండవ దేశమునకు చేరిన నాడే చిక్కు పుట్టినది. మా అత్త పెట్టెలో జరిగినదిదియే: కరెంటు నేరుగా ఒంటికెక్కినది, వేడి పుట్టించు చుట్టకు ఒక కొన న్యూట్రలు, ఒక కొన ఎర్తు తగులుటచే అది చల్లగనే యుండినది. అమెరికావారి పద్ధతి వేరు: వారికి నలుపు కరెంటు, తెలుపు న్యూట్రలు.

జర్మను వస్తువులు కొనుచుండిన బ్రిటనువారికి ఈ ఎర్రతీగ పెద్ద భయమైనది. తుదకు ఐరోపా దేశములు కూడి, గోధుమ రంగు కరెంటునకు, నీలము న్యూట్రలునకు, ఆకుపచ్చ పసుపు చారలు కలది ఎర్తుకు నని యొప్పుకొనినవి. జర్మనీ తన ఎర్ర ఎర్తును 1965లో విడిచెను. బ్రిటను 1969లో నియమములు చేసి, పరికరముల తీగలకు క్రొత్త రంగులు నిర్ణయించెను.

ఈ రంగుల నేరుటలో ఒక దయ యున్నది. మాంచెస్టరులో నుండిన డాల్టను అను శాస్త్రజ్ఞుడు, తనకు ఎరుపు ఆకుపచ్చలు ఇతరులకు వలె కనబడవని 1794లో పండితసభ యెదుట చెప్పెను. జెరేనియము పూవు ఆయనకు పగటివేళ ఆకాశవర్ణముగను, దీపపు వెలుగున మరియొక రంగుగను తోచెడిదట! ఐరోపా పురుషులలో నూటికి ఇంచుమించు ఎనిమండ్రకు ఎరుపు ఆకుపచ్చల భేదము సరిగా తెలియదు. అట్టివాడు పాత తీగలను ముట్టినచో, ప్రాణము తీయు తీగను ప్రాణము కాచు తీగగా పొరపడవచ్చును. చారలకు రంగు తెలియ నక్కరలేదు. చార కనబడిన చాలును.

అంతటితో చిక్కు తీరలేదు. బ్రిటను గోడలలోని తీగలకు 2004 వరకు పాత రంగులే యుండెను. ఆ యేట మార్చినప్పుడు మూడు ఫేజులకు గోధుమ, నలుపు, బూడిద వచ్చినవి. న్యూట్రలునకు నీలము వచ్చినది. పూర్వము నలుపు న్యూట్రలు. నీలము ఒక ఫేజు. రెండును స్థానములు మార్చుకొనినవన్నమాట! పాతవి క్రొత్తవి కలిసిన పెట్టెపై హెచ్చరిక పత్రము అంటించవలెనని అచటివారు నియమము చేసిరి.

మనకును ఈ బాధ తప్పలేదు. విజయవాడలో అచ్చుకూటము నడుపు మిత్రుడొకడు కొన్నియేండ్ల క్రిందట ఐరోపానుండి అచ్చుయంత్రమును తెప్పించెను. దాని తీగలు క్రొత్త రంగులవి. వాని గోడలోని తీగలు మన పాత రంగులవి: ఎరుపు, పసుపు, నీలము ఫేజులు, నలుపు న్యూట్రలు. నీలమునకు నీలము, నలుపునకు నలుపు కలిపినచో, 230 వోల్టులు కోరు భాగములకు 400 వోల్టులు తగిలి కాలిపోవును. వచ్చిన పనివాడు ఇరువదియేండ్ల కుర్రవాడు. నేను మా అత్త కథ చెప్పబోవుచుండగనే, "రంగు నమ్మనండి, మీటరు నమ్ముతాను" అని, ఒక్కొక్క కొననే పరీక్షించుకొనెను. పిదప యంత్రపు నీలితీగ కొనకు నల్లని పట్టీయు, నల్లతీగ కొనకు నీలిపట్టీయు చుట్టి, పెట్టె మూసెను.