బుల్లెట్టూ మాజీ సైనికులూ

నెల్లూరు వైపు నుంచి చెన్నై వెళ్లే మీలో చాలామంది వ్యాసర్పాడి మీదుగా ఊళ్లోకి వెళ్లే ఉంటారు. అక్కడికి ఈశాన్యంగా తిరువొత్తియూరు. బుల్లెట్టు ఫ్యాక్టరీ అక్కడ వెలిసిందంటే కారణం మన సైన్యమే. 1950ల తొలి ఏళ్లలో సరిహద్దు గస్తీకని 350 సి.సి. బుల్లెట్లను సైన్యం ఇంగ్లండు నుంచి తెప్పించింది. అవి నచ్చాయి. 1955లో రెడిచ్ కంపెనీవారు, మద్రాస్ మోటార్స్‌వారు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించారు. మొదట్లో విడిభాగాలు ఇంగ్లండు నుంచే వచ్చేవి, ఇక్కడ బిగించేవారు.

మాజీ సైనికులకు ఆ బండంటే అంత మమకారం ఎందుకంటారా? పాత బుల్లెట్టును స్టార్టు చేయడమే ఒక విద్య. ఆంపియరు మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా తొక్కాలి. డీకంప్రెసర్ మీట పట్టి ఇంకాస్త దించాలి. మీట వదిలి, అప్పుడు తన్నాలి. తొందరపడ్డామా, కిక్కు ఎదురుతన్ని చీలమండ వాస్తుంది! గేరేమో కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఏ రెజిమెంటువాడికైనా ఇదే పాఠం. అందుకే దూరప్రయాణంలో ఒకరి బండి మొరాయిస్తే, ముక్కూమొహం తెలియని మాజీ జవానైనా ఆగి పానా అందుకుంటాడు.

2000 తర్వాత క్రమంగా గేరు ఎడమకాలికి మారింది, బొత్తాం నొక్కితే స్టార్టయ్యే బండ్లు వచ్చాయి. మోకాళ్లు అరిగినవారికి అది మేలే. అయినా కొందరు పాతబండినే ఉంచుకున్నారు. తన్నలేని రోజున పక్కవీధి హవల్దారుకు కబురు పెడతారు.