చదువు లోన్ బాకీ ఉంటే ఇంటి లోన్ వస్తుందా?

పిల్లల చదువుకు తీసిన ఎడ్యుకేషన్ లోన్ పిల్లలదే అనుకుంటారు చాలామంది. అందులో తండ్రో తల్లో కూడా సంతకం పెట్టి ఉంటారు. కిస్తీ 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, ఆ మచ్చ ఇద్దరి సిబిల్ రిపోర్టులోనూ పడుతుంది. పెదవేగిలో ఇల్లు కట్టుకుందామని అబ్బా ఏలూరు బ్యాంకుకు వెళ్తే ముందు బయటపడేది ఇదే.

కాబట్టి మొదట రిపోర్టు తీయాలి. ఏడాదికి ఒకసారి ఉచితం. అందులో బ్యాంకు పేరు కొత్తగా కనిపిస్తే కంగారు వద్దు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంక్ 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయింది. బోర్డు మారిందే తప్ప బాకీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

అసలు చిక్కు రాజీ దగ్గర. లోక్ అదాలత్‌లోనో, వన్‌టైమ్ సెటిల్‌మెంట్‌లోనో కొంత తగ్గించి కట్టించుకుంటారు. అప్పటికి ఊరటే. కానీ రిపోర్టులో ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది, ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకు దాన్ని పూర్తిగా తీరిన అప్పుగా చూడదు. ఇల్లు కట్టే ఆలోచన ఉన్నవాళ్లు వీలైతే మొత్తం కట్టేయడమే మేలు. అంత డబ్బు లేకపోతే బకాయి కిస్తీలు, వడ్డీ అంతా కట్టాలి, అప్పుడే ఖాతా మళ్లీ స్టాండర్డ్ అవుతుంది. ఒకటి రెండు కిస్తీలు కడితే సరిపోదు.

లోన్ తీరాక నో డ్యూస్ సర్టిఫికెట్ తప్పక అడిగి తీసుకోవాలి. అయినా రిపోర్టు మారకపోతే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కొత్త రిపోర్టు చేతికొచ్చాకే ఇంటి లోన్‌కు అప్లికేషన్ పెట్టాలి.